"దేవుడు భరించగలిగినంతే ఇస్తాడు" అన్నాను, ఇప్పుడు అన్న నా ఫోన్ ఎత్తడం లేదు

డోలక్_మిర్యాలగూడ
ఆదివారం, రాత్రి 10:12

అందరికీ వందనాలు. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుని పోవడమే గాని ఏమీ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా సంఘంలో ఒక అన్న ఉన్నాడు. రైస్ మిల్లులో గుమస్తా. ఆరాధనలో అన్న హార్మోనియం, పక్కన నా డోలక్. పధ్నాలుగేళ్ల నుంచి ఇదే. క్రిస్మస్ కారల్స్‌కి రాత్రంతా వాడవాడా తిరిగి, తెల్లారి బస్టాండ్ దగ్గర చాయ్ తాగి ఇళ్లకు పోయేవాళ్లం. సంక్రాంతి తర్వాత వదినకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో కీమో, 21 రోజులకోసారి. మూడు అయ్యాయి.

మొదటి నెల వాళ్లిల్లు జాతరే. పండ్లు, హార్లిక్స్ సీసాలు, గృహ ప్రార్థనలు. ఇప్పుడు ఎవరూ పోవడం లేదు. నేనూ పోలేదు, దాచుకోవడమెందుకు. మొన్న బుధవారం మనసు ఆగక వెళ్లాను. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. అన్న వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాడు. మిల్లులో లారీల లెక్క రాసే మనిషి, ఇంట్లో గ్లాసు మంచినీళ్లు కూడా ముంచుకోని మనిషి, బియ్యం ఏరుతున్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఏదో ఒకటి అనాలని "అన్నా, దేవుడు మనం భరించగలిగినంతే ఇస్తాడు" అన్నాను.

అన్న చేట కింద పెట్టాడు. "అయితే నేను ఇంకొంచెం బలహీనుణ్ని అయ్యుంటే దానికి ఈ రోగం వచ్చేది కాదా తమ్మీ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన కూడా చేయకుండా వచ్చేశాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఇవాళ చర్చికి కూడా రాలేదు. హార్మోనియం మీద గుడ్డ తీయలేదు ఎవరూ.

నేనన్నది తప్పా? తప్పయితే మళ్లీ ఏ మొహంతో వెళ్లాలి?


విశ్వాసి_777
ఆదివారం, రాత్రి 10:40

బ్రదర్, మీరన్నది వాక్యమే, తప్పేం లేదు. వాక్యం గుచ్చుకుంటే లోపల ఏదో ఉందని అర్థం. ఆ కుటుంబాన్ని ఏడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనకు తీసుకురండి. ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోమనండి. యోబు అన్ని కష్టాలు పడ్డాక పోయినవన్నీ రెండంతలు పొందాడు కదా.


కట్టంగూర్_కిరణం
ఆదివారం, రాత్రి 10:44

ఆమెన్. ప్రార్థిస్తున్నాం 🙏


అయ్యగారబ్బాయి_దేవరకొండ
ఆదివారం, రాత్రి 11:35

డోలక్ తమ్ముడూ, నేను పాస్టర్ కొడుకుని, పాస్టర్‌ని కాదు. నాన్నగారి వెంట పరామర్శలకు తిరిగి తిరిగి కొన్ని విషయాలు ఒంటికి పట్టాయి, అంతే.

ముందు ఆ వాక్యం సంగతి. అది 1 కొరింథీ 10:13, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోది. అక్కడున్న మాట "శోధన". మన తెలుగులో శోధన అంటే కష్టం అనీ అనుకుంటాం, పాపంలోకి లాగే ఆశ అనీ అనుకుంటాం. ఆ రెండూ కలిసిపోయి ఈ చిక్కు వచ్చింది. పైనా కిందా చదివి చూడు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో విగ్రహాల వెంట పోవడం, సణగడం గురించి చెబుతున్నాడు. తర్వాతి వచనమే విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మంటుంది. క్యాన్సర్‌కి, తూకానికి అందులో చోటే లేదు. ఇంకో సంగతి. అదే పౌలు, అదే కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, ఆసియలో మాకు మా శక్తికి మించిన భారం వచ్చింది, బ్రతుకుతామన్న నమ్మకం కూడా పోయింది అని ఒప్పుకున్నాడు. శక్తికి మించి! కాబట్టి మీ అన్న అడిగిన ప్రశ్న అవిశ్వాసం కాదు. ఆయన నీకంటే బాగా ఆలోచించాడు.

విశ్వాసి గారూ, యోబు రెండంతలు పొందాడన్నారు. మధ్యలో ఉన్న నలభై అధ్యాయాలు ఎటు పోయాయి? యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు కూడా "నీలో ఏదో ఉంది, ఒప్పుకో" అన్నవాళ్లే. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద. వాళ్లు చేసిన మంచి పని ఒక్కటుంది. మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది.


విశ్వాసి_777
సోమవారం, ఉదయం 6:05

నేను మందులు మానేయమని ఎక్కడా అనలేదు. ప్రార్థన చేయమన్నాను. ప్రార్థన చేయమంటే కూడా తప్పేనా ఈ రోజుల్లో?


నర్సమ్మ_నల్గొండ
సోమవారం, ఉదయం 7:20

నైట్ డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నా, అక్షర దోషాలు క్షమించండి.

తమ్ముడూ, వదిన గోడ వైపు తిరిగి పడుకుందన్నావు. అది నీ మీద కోపం కాకపోవచ్చు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు చాలామందికి జుట్టు మొత్తం ఊడిపోతుంది. మూడు అయ్యాయంటున్నావు. తల మీద కొంగు లేకుండా బయటి మగవాళ్లు చూడటం ఆమెకు ఎంత కష్టమో ఆలోచించు. వెళ్లే ముందు ఒక మెసేజ్ పెట్టి వెళ్లు. వాకిట్లోనే కూర్చో, లోపలికి తొంగిచూడకు. చిన్న విషయమే గాని ఆడవాళ్లకు పెద్దది.

ఇంకోటి. కీమో ఎక్కించాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో పదిమంది ఇంట్లో దూరి చేతులు వేసి ప్రార్థన చేయడం ప్రేమ కాదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు గడప తొక్కొద్దు. గేటు బయట నుంచి ప్రార్థించినా దేవుడికి వినపడుతుంది. జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, గోళీ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. నీకు బండి గాని, తెలిసిన ఆటో అతను గాని ఉంటే అన్నకు ఆ మాట చెప్పు: "రాత్రి రెండింటికైనా సరే, నన్ను లేపు." ఈ మాట వంద వాక్యాల పెట్టు.

తిండి. వండిన కూరల క్యారియర్ పంపేవాళ్లు ముందు అడగండి. పోపు వాసనకే వాంతి వస్తుంది చాలామందికి. నోట్లో పుండ్లు ఉంటే కారం ముట్టలేరు. మెత్తటి ఇడ్లీ, చల్లారిన రాగి జావ, అప్పుడే తోడుకున్న పెరుగుతో అన్నం, ఇలాంటివి. బండి మీద కోసి అమ్మే పండ్లు వద్దు. ఆమెకు తెచ్చేవాళ్లు కొందరు ఉంటారు. అన్నకు, పిల్లలకు ఎవరూ తేరు. వాళ్లకు కారంగా పప్పుచారు తీసుకెళ్లు.


సాగర్_అక్క
సోమవారం, మధ్యాహ్నం 2:48

నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నా మాట కూడా చెప్తా.

మా ఆయనకు నోటి క్యాన్సర్. గుట్కా. ఆయన పోయి నాలుగేళ్లు. చివరి రెండు నెలలు నొప్పికి అరిచేవారు. డాక్టర్లు మార్ఫిన్ గోళీలు రాస్తే, మా సంఘంలో ఒక పెద్దాయన ఇంటికొచ్చి "మత్తులో ప్రభువు దగ్గరికి పోతావా, మెలకువతో పో" అన్నాడు. మా ఆయన ఆ రాత్రి గోళీ వేసుకోలేదు. తెల్లవార్లూ దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకున్నారు. ఆ అంచు మీద పళ్ల గుర్తులు పడ్డాయి. నేను ఆ దుప్పటి ఇప్పటికీ ఉతికి పెట్టుకున్నా, ఎందుకో పారేయలేకపోతున్నా.

మర్నాడు మా ఆడబిడ్డ వచ్చి ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఏమందో ఇక్కడ రాయను. ఆ తర్వాత గోళీ వేసుకుంటే మా ఆయన మూడు గంటలు నిద్రపోయి లేచి, "కాస్త పెరుగన్నం పెడతావా" అన్నారు.

మాకు నిజంగా తోడున్నది ఎవరో చెప్పనా? మా వీధిలో టైలర్ అక్క. ఆమె ఒక్క వాక్యం చెప్పలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి "నువ్వు ఓ గంట బయటికి పో" అని నన్ను తోసేసేది. నేను సాగర్ కాలువ గట్టు మీద కూర్చుని వచ్చేదాన్ని. ఆ గంట లేకపోతే నేనూ మిగిలేదాన్ని కాదు.


నర్సమ్మ_నల్గొండ
సోమవారం, సాయంత్రం 5:30

సాగర్ అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. మీ దుప్పటి అలాగే ఉంచుకోండి.

మార్ఫిన్ గురించి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం వాడితే అది మందే, వ్యసనం కాదు. ఒకప్పుడు లైసెన్సుల గోల వల్ల దొరకడమే కష్టంగా ఉండేది. 2014లో చట్టం మార్చాక కొంత తేలికైంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగమే వేరుగా ఉంది. "ఇంక చేసేదేం లేదు" అని ఇంటికి పంపినవాళ్లకు కూడా నొప్పి లేకుండా చేయడానికి చాలా ఉంటుంది. మలబద్ధకం ఒక్కటి తప్పకుండా వస్తుంది, దానికి మందు కూడా అడిగి తెచ్చుకోండి.

డోలక్ తమ్ముడూ, అన్న మాటల్లో "నేనూ పోతే బాగుండు" లాంటిది వినపడితే తేలిగ్గా తీసుకోకు. ఒంటరిగా వదలకు. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.


మర్రిగూడ_బిడ్డ
సోమవారం, రాత్రి 9:15

ఒప్పుకోని పాపం అన్నారు చూడండి, ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. రాయకుండా ఉందామనుకున్నా.

మా నాయిన నడుము వంగిపోయిన మనిషి. మా ఊళ్లో ఆ వయసువాళ్లు చాలామంది అంతే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నేను చిన్నగున్నప్పుడు ఒక స్వస్థత కూటానికి తీసుకుపోయినం. స్టేజీ మీద ప్రసంగీకుడు నాయినను నిలబెట్టి, నడుము మీద చెయ్యి పెట్టి గట్టిగా ఒత్తి "నిటారుగా నిలబడు" అన్నడు. జనం హల్లెలూయ అన్నరు. నాయిన వారం రోజులు మంచం దిగలేదు. తర్వాత ఇంకొకాయన వచ్చి, మీ తాతముత్తాతల విగ్రహాల శాపం అన్నడు.

నాయిన ఒకటే మాట అన్నడు: "నీళ్లు తాగినందుకు శాపమా బిడ్డా?"

యోహాను 9లో పుట్టుగుడ్డోణ్ని చూసి శిష్యులు అడిగింది ఇదే గదా, వీడు పాపం చేసిండా, వీళ్ల అమ్మానాయిననా అని. ప్రభువు రెండూ కాదన్నడు. ఇంత తేటగా రాసి పెట్టినా మనవాళ్లు ఆ శిష్యుల ప్రశ్న దగ్గరనే ఆగిపోయిండ్రు.

మా ఇంటికి సాయం చేసింది మా చర్చిల సైకిల్ షాపాయన. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లాలు రాకముందు రోజూ పొద్దున రెండు క్యాన్లు సైకిల్‌కు కట్టుకొని మంచినీళ్లు తెచ్చి మా గడప కాడ పెట్టి బెల్లు కొట్టి పోయెటోడు. దిగి మాట్లాడింది గూడ తక్కువ. నా ఎముకలు సక్కగ ఉన్నయంటే అందుల ఆయన సైకిల్ ఉన్నది.


అడ్మిన్
సోమవారం, రాత్రి 9:40

చర్చ బాగా నడుస్తోంది. వ్యక్తుల పేర్లు, సంఘాల పేర్లు, ఆస్పత్రుల మీద ఫిర్యాదులు వద్దు. ఫోన్ నంబర్లు ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి.


పాలమూరు_మేస్త్రి
మంగళవారం, రాత్రి 11:02

పుణేలో సైట్ మీద ఉంటాం మేము. ఊరు నారాయణపేట దగ్గర. దూరం ఉన్నోళ్లు ఏం చేయాలో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్న.

రెండేళ్ల కింద మా బావమరిది మూడో అంతస్తు నుంచి పడ్డడు. నడుము ఎముక విరిగింది. ఇక్కడ భాష రాదు, మనోళ్లు ఎవరూ లేరు. వాట్సాప్ గ్రూపుల ఫోటో పెడితే నూట నలభై దండం బొమ్మలు వచ్చినయి. వాటితో ఏం చేసుకోవాలె? అందరూ ఫోన్ చేసి "ఎట్ల పడ్డడు" అని అడుగుడు. పడ్డది చెప్పీ చెప్పీ మా చెల్లెకు మళ్లీ మళ్లీ పడ్డట్టే అయింది.

మా ఊరి చర్చి పెద్దమనిషి ఒకాయన మాత్రం రోజూ రాత్రి ఎనిమిదింటికి చేసెటోడు. రెండు మూడు నిమిషాలు. ఎట్లున్నదని అడగడు. "మీ బర్రె ఈనింది, పెయ్య", "చెరువుల నీళ్లు వచ్చినయి", "మీ పోరడు ఇవాళ బడికి పోయిండు, నేనే దింపిన". ఆ ఫోన్ కోసం మావోడు ఏడున్నర నుంచి చూసెటోడు. దావఖాన మంచం మీద ఉన్నోనికి ఊరు ఇంకా ఉన్నదని తెలిస్తే సగం బలం.

ఇంకొకటి, పట్టీ తీసినంక జనం మర్చిపోయిండ్రు. అసలు కష్టం అప్పుడే మొదలైంది, కూలి లేదు.


కోదాడ_పక్కింటోడు
బుధవారం, ఉదయం 10:20

నేను క్రిస్టియన్‌ని కాదండీ. వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది, రాయొచ్చా?

మా పక్కింటివాళ్లు చర్చికి వెళ్తారు. వాళ్లబ్బాయి బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. నాకు వాళ్ల పద్ధతులు తెలియవు. బొట్టు పెట్టుకుని వెళ్లొచ్చో లేదో కూడా తెలియదు. ఊరికే నిలబడలేక టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాను, వాటర్ క్యాన్లు పెట్టించాను, వాకిలి ఊడ్చాను. సమాధి దగ్గర దూరంగా నిలబడితే వాళ్ల పెద్దాయన ఒకరు రమ్మని సైగ చేసి, నా చేతిలో కూడా మట్టి పోశారు. అది మర్చిపోలేను.

కానీ ఒకటి అడగాలి. తర్వాత ఆదరణ కూడిక అని పెట్టారు. రెండు వందల మందికి భోజనాలు. ఆ తల్లి, కొడుకు పోయిన తల్లి, వంటవాళ్లకు ఉల్లిపాయలు లెక్కపెట్టి ఇస్తోంది. ఆదరణ ఎవరికండీ?


అయ్యగారబ్బాయి_దేవరకొండ
బుధవారం, మధ్యాహ్నం 1:10

పక్కింటన్నా, రాయొచ్చా ఏంటి, మీరే మాకు పాఠం చెప్పారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమర్థన లేదు. మా నాన్నగారు ఈ మధ్య ఒక కట్టుబాటు తెచ్చారు. ఆదరణ కూడికకు చాయ్, బిస్కెట్ మాత్రమే, అదీ సంఘం ఖర్చు. మొదట బంధువులు గొణిగారు. "మా వాడు అంత చులకనా" అన్నారు. నాన్నగారు మొండి మనిషి.

ఏలీయా ప్రవక్త సంగతి గుర్తొస్తోంది. ఆయన చెట్టు కింద పడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటే దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. మనం కష్టంలో ఉన్నవాళ్లింట్లో తిని వస్తున్నాం.


విశ్వాసి_777
బుధవారం, మధ్యాహ్నం 1:55

అయితే స్వస్థత లేదంటారా? యాకోబు 5లో పెద్దలు నూనె రాసి ప్రార్థించమని లేదా? సూటిగా చెప్పండి.


అయ్యగారబ్బాయి_దేవరకొండ
బుధవారం, మధ్యాహ్నం 2:30

ఉంది. మా నాన్నగారు నూనె రాస్తారు, ప్రార్థిస్తారు. బాగైనవాళ్లను చూశాను, కానివాళ్లనూ చూశాను. ఆ వచనం రోగి పెద్దలను పిలవాలంటుంది. పిలిచింది రోగి. మనమే మైకు పట్టుకుని పోవడం కాదు. తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు ఉంటే పౌలు మందులాంటి సలహానే ఇచ్చాడు, నీకు విశ్వాసం చాల్లేదని రాయలేదు. పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు, ఆయన తీసేయలేదు. పౌలుకే తీయనప్పుడు మిర్యాలగూడ వదిన విశ్వాసాన్ని కొలవడానికి మనమెవరం? మన దిక్కు మిషనరీలు కూడా వాక్యం ఒక చేత్తో, మందు ఒక చేత్తో తెచ్చినవాళ్లే. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ వాళ్ల ఆస్పత్రి అలా వచ్చిందే.


లెక్కల_పద్దు
బుధవారం, రాత్రి 8:45

డబ్బు గురించి ఎవరూ ఎత్తడం లేదు, నేనే చెడ్డవాణ్ని అవుతా. ఒక సంఘంలో పద్దులు రాస్తాను.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అనుకుంటాం. 2023 డిసెంబర్‌లో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ అది వైద్యానికి. మనిషి చితికేది బయటి ఖర్చుతో. బస్సు వదినకు ఉచితం, అన్నకు టికెట్. రూము, ఆటో, బయట తిండి, మిల్లులో కోత పడ్డ జీతం. ఇవి ఏ కార్డులోనూ రావు.

మేము చేసేది చెప్తా. ఎనిమిది ఇళ్లు, ఇంటికి నెలకు అయిదు వందలు. కష్టం తీరేదాకా, ఒక్క నెల కాదు. పేర్లు ఎవరికీ తెలియవు. ఆ డబ్బు ఒక అక్క తీసుకెళ్లి ఆ ఇంటి ఆడమనిషి చేతిలోనే పెడుతుంది. వేదిక మీద పిలిచి కవర్ ఇచ్చి ఫోటో తీయడం బంద్. ఒకసారి అలా ఫోటో తీశాం. ఆ అబ్బాయిని కాలేజీలో తోటివాళ్లు గుర్తుపట్టారట. మళ్లీ చర్చికి రాలేదు వాడు. ఆ తప్పులో నా చెయ్యి కూడా ఉంది, కవర్ ఇచ్చింది నేనే.


సాగర్_అక్క
బుధవారం, రాత్రి 9:05

"ఏమైనా కావాలంటే అడగండి" అనే మాట కూడా బంద్ చేయాలి. ఎవరూ అడగరు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. "శనివారం గ్యాస్ సిలిండర్ నేను తెస్తున్నా" అనండి, అది వేరు.


డోలక్_మిర్యాలగూడ
తర్వాతి బుధవారం, రాత్రి 10:30

అందరికీ పేరుపేరునా వందనాలు. వారం ఆలస్యంగా రాస్తున్నా.

మీరు రాసినవన్నీ చదివి శనివారం వెళ్లాను. ముందు మెసేజ్ పెట్టాను: "అన్నా, వాకిట్లో కూర్చుంటా, ఏం మాట్లాడను." జవాబు రాలేదు. అయినా వెళ్లాను. నా భార్య పిల్లలకని పప్పుచారు, వదినకని జావ వేరే డబ్బాలో పెట్టింది. పోపు వేయని జావ, నర్సమ్మా.

అన్న మళ్లీ బియ్యం ముందరే ఉన్నాడు. రేషన్ బియ్యం, అందులో నూక కూడా. నేను పక్కన ఉన్న ఇంకో చేట తీసుకుని సగం పోసుకున్నాను. ఇద్దరం ఏరుతూ కూర్చున్నాం. ఎంతసేపో. వీధిలో ఐస్ బండి పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. అన్న నా చేట లోకి చూసి "నువ్వు రాళ్లు అక్కడే ఉంచి బియ్యం ఏరుతున్నవ్" అన్నాడు. నిజమే. చూపు సరిగా ఆనక రాళ్లు కనబడలేదు. ఎందుకు ఆనలేదో చెప్పక్కర్లేదు కదా.

అప్పుడు చెప్పాను: "అన్నా, ఆ రోజు నేనన్నది తప్పు. వాక్యం కూడా తప్పే చెప్పాను." అన్న ఏమీ అనలేదు. కాసేపటికి "సోమవారం నాలుగోది" అన్నాడు. నేనూ వస్తా అన్నాను. వద్దనలేదు.

సోమవారం మొదటి బస్సుకి వెళ్లాం. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో, లకడీకపూల్ దాకా మారే పని లేదు. అక్కడి నుంచి ఆటో. లైన్‌లో నేను నిలబడ్డాను, అన్న వదిన దగ్గర కూర్చున్నాడు. ఇన్ని రోజులూ వదినను ఒక్కదాన్నే బెంచీ మీద వదిలి అన్న ప్రతి లైన్‌లో నిలబడేవాడట. చిట్టీకి ఒక లైను, రక్త పరీక్షకు ఒకటి, మందులకు ఒకటి. ఇంత చిన్న పని ఎవరూ చేయలేదు, ఎవరికీ తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నార్కట్‌పల్లి దాటాక వదినకు వాంతులు. కవర్ పట్టుకున్నాను. తర్వాత నీరసంగా సీటుకు ఆనుకుని, కళ్లు మూసుకునే, "డోలక్ ఎడమ వైపు తోలు వదులైంది తమ్మీ, ఈస్టర్ నాడే విన్న. బిగించుకో" అంది. ఆ నొప్పుల్లో ఉండి నా డోలక్ వింది.

అన్న ఇంకా చర్చికి రాలేదు. నేను అడగలేదు.


విశ్వాసి_777
బుధవారం, రాత్రి 10:50

🙏


మర్రిగూడ_బిడ్డ
బుధవారం, రాత్రి 10:52

ఇగో, మళ్లీ దండం బొమ్మ 😄


నర్సమ్మ_నల్గొండ
గురువారం, ఉదయం 7:15

తమ్ముడూ, ఇవాళ నాలుగో రోజు. వచ్చే సోమవారం నుంచి ఓ వారం జాగ్రత్త. థర్మామీటర్ ఉందా వాళ్లింట్లో? లేకపోతే ఇవాళే కొని ఇచ్చిరా. వాంతులు తగ్గే గోళీ బస్సెక్కే ముందే వేసుకోవచ్చేమో ఈసారి డాక్టర్‌ని అడగండి.


డోలక్_మిర్యాలగూడ
గురువారం, రాత్రి 9:30

థర్మామీటర్ ఇచ్చాను అక్కా. జ్వరం లేదు.

ఒక ఇబ్బంది. ఐదో కీమో నాడు నాకు సెలవు దొరికేలా లేదు. అన్న ఒక్కడే అవుతాడు. లైన్‌లో నిలబడటానికి హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా? వేరే ఏమీ అక్కర్లేదు. మాట్లాడకపోయినా పర్లేదు.


నాంపల్లి_మౌని
గురువారం, రాత్రి 9:58

మొదటి నుంచి చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. నాంపల్లిలో ఉంటాను, ఆ రోజు సెలవు పెట్టుకుంటా. లకడీకపూల్ మెట్రో మెట్ల కింద నిలబడతా. ఎన్నింటికి?


డోలక్_మిర్యాలగూడ
గురువారం, రాత్రి 10:01

ఎనిమిదిన్నరకు. వదిన నీలం స్కార్ఫ్ కట్టుకుంటుంది. అన్న చేతిలో పరీక్షల కాగితాల సంచి ఉంటుంది, మిల్లు వాళ్లు ఇచ్చిన పసుపు సంచి.